ఊరికే వచ్చానని అనకూడదు

2007 జూన్ 1, శుక్రవారం. పౌర్ణమి.

ఉదయం 5.40. స్నానం, దీపం అయ్యాయి. డైరీ తెరిచాను. రేపల్లెలో మా మరిది అనంతకృష్ణకు ఎరువుల దుకాణం ఉంది. ఏటా ఒక డైరీ పంపుతాడు. ప్రతి పేజీ అడుగున రైతుకొక సలహా అచ్చు వేసి ఉంటుంది. ఐదు నెలలుగా ఇది దేవుడి గూటి కింద ఖాళీగా పడి ఉంది. ఇప్పుడు అవసరం పడింది.

సంగతి ఇది. తెనాలి బస్టాండు ఎదుట మా ఆయన పురుషోత్తం గారు పదిహేడేళ్ళుగా నడుపుతున్న ఎస్టీడీ బూత్ ఈ నెలాఖరుతో సరి. అందరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లు వచ్చాయి. నిన్న మొత్తం మీద ఇద్దరు వచ్చారు. ఒకాయన చిల్లర అడిగాడు. ఇంకొకాయన బస్సు వచ్చేదాకా ఫ్యాను కింద కూర్చున్నాడు. గది ఖాళీ చేయమని యజమాని చెప్పేశాడు.

మాకు పిల్లల్లేరు. ఉన్నది బూత్.

‘జూలై ఒకటిన వ్యాను పంపుతాను వదినా, మా ఇంటికి వచ్చేయండి, మేడ మీద గది ఉంది’ అంటున్నాడు మరిది. మంచివాడే. కానీ ఆ ఇంట్లో పండక్కి నాలుగు రోజులుంటేనే మా తోటికోడలు రాజ్యలక్ష్మి వచ్చినవాళ్ళందరికీ ‘మా అక్కగారు, మా దగ్గరే ఉంటారు’ అని చూపించింది. మా ఇద్దరిలో ఎవరికో ఒకరికి ఈ ఊళ్ళో పని దొరికితే ఆ వ్యాను రానక్కర్లేదు.

మా ఆయన అడగరు. ‘పదిహేడేళ్ళు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాణ్ణి’ అంటారు. కాబట్టి నేను అడుగుతాను.

నిర్ణయం: రోజుకొకరిని, నా నోటితో, పని అడగాలి. ముప్పై రోజులు, ముప్పై మంది. జాబితా రాశాను. మొదటి పేరు రైస్‌మిల్లు సుబ్బాయమ్మగారు.

నియమాలు:
1. గుమ్మంలోనే విషయం చెప్పాలి.
2. అడిగేదాకా కాఫీ తాగకూడదు.
3. ‘ఏంటి ఇలా వచ్చారు?’ అంటే ‘ఊరికే వచ్చానండి’ అనకూడదు. అన్నిటికంటే ఇది ముఖ్యం.

నా అర్హతలు: పదో తరగతి, సెకండ్ క్లాసు. చక్కటి చేతిరాత. పిండివంటలు. టెలిఫోన్ అనుభవం. మెల్లగా మాట్లాడతాను (ఇది అర్హతో కాదో తెలియదు).

అధికమాసంలో శుభకార్యాలు మొదలుపెట్టకూడదు. కానీ అడగడం శుభకార్యం కాదు కదా!

పేజీ అడుగున: ‘విత్తనశుద్ధి మరువకండి.’ శుభసూచకం!

జూన్ 2, శనివారం.

ఉదయం 9.30. సుబ్బాయమ్మగారింటికి బయలుదేరాను. ఒకరింటికి ఖాళీ చేతులతో ఎలా వెళ్తాం? పులిహోర డబ్బా తీసుకెళ్ళాను.

9.45. “ఏంటి మీనాక్షీ, ఇలా వచ్చావు?”

“ఊరికే వచ్చానండి.”

నేనే అన్నాను. నా చెవులతో విన్నాను.

“సమయానికి వచ్చావు తల్లీ! దేవుడే పంపాడు. అధికమాసం కదా, ముప్పై మూడు అప్పాలు దానం ఇవ్వాలి. మడిగా చేసే మనిషి దొరక్క చస్తున్నా. నువ్వు చేసి పెట్టవూ?”

“అలాగేనండి.”

11.00. కాఫీ తాగి వచ్చాను. పని అడగడానికి వెళ్ళి పనైతే తెచ్చుకున్నాను. జీతం సంగతే రాలేదు.

తప్పు డబ్బాది. డబ్బా చూసి ప్రసాదం ఇవ్వడానికి వచ్చాననుకున్నారు. కొత్త నియమం 4: ఏమీ తీసుకెళ్ళకూడదు.

జూన్ 3, ఆదివారం.

రెండో పేరు, ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు గారు. ఖాళీ చేతులతో వెళ్ళాను. ఆయన లేరు. వాళ్ళావిడ బొట్టు పెట్టి, జాకెట్ ముక్క ఇచ్చి పంపింది. ఊరికే వచ్చానన్నానని విడిగా రాయనక్కర్లేదు.

ముప్పైలో రెండు అయ్యాయి. అడిగింది సున్నా. జాకెట్ ముక్క ఒకటి, ఆకుపచ్చ.

జూన్ 5, మంగళవారం.

(నిన్న వెళ్ళలేదు. సోమవారం ఉపవాసం, నీరసం.)

ఈ రోజు అభ్యాసానికని పక్క దుకాణం ఫరూక్‌ని అడిగాను. సెల్‌ఫోన్లు, రీచార్జి కార్డులు అమ్ముతాడు. ఒక రకంగా చెప్పాలంటే మా బూత్‌ని తినేసింది అతని దుకాణమే. అయినా మనిషి మర్యాదస్థుడు. పొద్దున్నే మా అరుగు కూడా ఊడ్చిపెడతాడు.

కళ్ళు మూసుకుని, ఊపిరి బిగపట్టి, ఒకే ముక్కలో అన్నాను. “ఫరూక్, నాకేదైనా పని చూపించు నాయనా.”

“మీక్కావాలా పిన్నిగారూ? ముందే చెప్పొద్దా!” అంటూ చీటీ రాసిచ్చాడు. బాపట్లలో ఆడపిల్లల హాస్టల్. వచ్చిపోయేవాళ్ళ పేర్లు పుస్తకంలో రాసుకుంటూ గేటు దగ్గర కూర్చునే మనిషి కావాలట. వార్డెను లాజరు మాస్టారు. రోజూ రైల్లో పోయిరావచ్చు, తెనాలి వదలక్కర్లేదు.

పేర్లు రాసే పని! నా చేతిరాతకు! అడిగితే ఇంత తేలికా! యాభై ఏళ్ళు ఎందుకు ఊరుకున్నాను?

మా ఆయనతో చెప్పాను. “చూద్దాం” అన్నారు. ఆయన ‘చూద్దాం’ అనడం సంతోషపడటం కిందే లెక్క.

జూన్ 7, గురువారం. బాపట్ల.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రైల్లో ఎదుటి సీటులో ఒకామె. పేరు హసీనా. నలభై ఉంటాయి. బండి నిడుబ్రోలు దాటింది.

“ఎక్కడిదాకా అక్కా?”

“బాపట్ల.”

“పని మీదా?”

“ఆఁ… ఊరికే.”

“నేను పని కోసమే అక్కా. మా ఆయన ఊపిరాడక మంచం పట్టాడు. మిషను కుట్టేదాన్ని. ఇప్పుడు అందరూ రెడీమేడ్లేగా, కుట్టించుకునేవాళ్ళేరీ? మీకు తెలిసినచోట ఏదన్నా ఉంటే చెప్పండక్కా, మీకు పుణ్యం ఉంటుంది.”

చెమట పట్టలేదు. గొంతు వణకలేదు. అప్పికట్ల రాకముందే, ముక్కూమొహం తెలియని మనిషిని, టైమెంతయిందని అడిగినంత తేలికగా అడిగింది! నేను నోరు తెరుచుకుని చూశాను. ఏ బడిలో నేర్పుతారు ఇది?

మా బూత్ సంగతి, హాస్టల్ సంగతి అన్నీ నోరుజారి చెప్పేశాను. హాస్టల్‌కి ఇద్దరం వెళ్ళాం. దారిలో ఆమెను వేరే వీధిలోకి పంపేయాల్సింది. పంపలేదు.

లాజరు మాస్టారు కుర్చీలు వేయించారు. నోరు తెరిచాను. “మాస్టారూ, ఈమెకి పని కావాలండి. చదువు వచ్చు. కష్టంలో ఉంది. తీసుకోండి” అన్నాను. ఎంత స్పష్టంగా అన్నానంటే లోపల వంటగదిలో గరిటెల చప్పుడు ఆగింది.

ఆయన హసీనా చేత నాలుగు పేర్లు రాయించి, రేపట్నుంచి రమ్మన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. “మీరేం పని మీద వచ్చారమ్మా?”

“ఊరికే, తోడు వచ్చానండి.”

స్టేషనులో హసీనా నా చేతులు రెండూ కళ్ళకద్దుకుంది. నాకూ ఏడుపు వచ్చింది. ఇద్దరి కారణాలూ వేరు.

పేజీ అడుగున: ‘పొలం గట్లు గట్టిగా ఉంచుకోండి.’ ఈ డైరీకి నా సంగతి ఎవరో చెప్పారు.

జూన్ 8, శుక్రవారం.

మా ఆయనకు మొత్తం చెప్పాను. చాలాసేపు గోడ గడియారం చూశారు.

“అప్పాలకి బెల్లం తెచ్చుకున్నావా?” అన్నారు.

ఆ మాటకంటే తిట్టినా బాగుండేది.

జూన్ 9, శనివారం.

ముప్పై మూడు అప్పాలు. ఉదయం నాలుగున్నరకు లేచి మడి కట్టుకుని చేశాను. సుబ్బాయమ్మగారు ఒకటి కూడా తుంచకుండానే, చూసే మెచ్చుకున్నారు.

“బయటివాళ్ళ చేత చేయిస్తే డబ్బు పారేసేదాన్ని. నీకిస్తే బాధపడతావని ఇవ్వట్లేదు మీనాక్షీ. నీ భక్తికి వెల కట్టగలమా?”

“ఎంతమాటండీ” అన్నాను.

నడిచి వస్తుంటే దారి పొడవునా ఒకటే ఆలోచన. కట్టవచ్చు. కష్టమేమీ కాదు.

జూన్ 11, సోమవారం.

రేపల్లె నుంచి రాజ్యలక్ష్మి ఫోన్.

“మేడ మీద గదికి వెల్ల వేయిస్తున్నాం అక్కా. వంటమనిషిని మాన్పించేశాను. ఎలాగూ నువ్వొస్తున్నావుగా! నీ చేతి వంటంటే మీ మరిదికి ప్రాణం.”

“అలాగే రాజ్యం.”

ఫోను పెట్టేశాక మా ఆయన అడిగారు. “ఏమంటోంది?”

“నాకు పని దొరికింది” అన్నాను.

జూన్ 12, 13, 14.

ఎవరినీ అడగలేదు. కారణాలు:
అధికమాసం. (మొదట్లోనే ఆగాల్సింది. పెద్దలు ఊరికే అన్నారా?)
ఎండ.
ఐదో పేరు ఆయనింట్లో పెళ్ళివారున్నారు.
ఆరో పేరు ఆయన నాకంటే మెల్లగా మాట్లాడతాడు. ఇద్దరం కూర్చుంటే సాయంత్రం దాకా ఏమీ తేలదు.
అమావాస్య వస్తోంది.

శనివారం నుంచి నిజమాసం. అప్పుడు మొదలుపెట్టిందే అసలు లెక్క.

జూన్ 16, శనివారం. పాడ్యమి.

ఉదయం 8.00. తల స్నానం. నాలుగో పేరు, సినిమా హాలు మేనేజరు గారు. చెప్పులు వేసుకుంటున్నాను.

8.10. బూత్ ముందు ముగ్గురు. ఇద్దరు బాపట్ల ఆడవాళ్ళు. ఒకాయన సంగం జాగర్లమూడి నుంచి, పేరు వీరాస్వామి. మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడట, మానిపించారట.

“బూత్ అమ్మగారంటే మీరేనాండి? పని చూపిస్తారని హసీనమ్మ చెప్పిందండి.”

మా ఆయన నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. కాదని చెప్పడానికి కూడా నోరు కావాలి.

జాబితా తీశాను. బూత్ ఫోనే ఎత్తి సినిమా హాలుకి నెంబరు తిప్పాను. “మేనేజరు గారండీ, నమస్కారమండి. మీ గేటు మనిషి మానేశాడట కదా. మంచి మనిషిని పంపుతున్నాను. తూకం తప్పనివాడు. చూడండి.”

ఆయన సరేనన్నారు!

ఆ ఇద్దరి కోసం ఏడో పేరునీ, తొమ్మిదో పేరునీ అడిగాను. ఒకరు సరే, ఒకరు వచ్చేవారం. నా గొంతు గంటలా మోగిందని మా ఆయన అన్నారు. ఆయన అలాంటి మాటలనే మనిషి కాదు.

జాబితాలో మూడు పేర్లు కొట్టేశాను. వేరేవాళ్ళ కోసం అడిగితే లెక్కలోకి వస్తుందా? రావచ్చు. నియమాల్లో ‘నా కోసం’ అని ఎక్కడా రాయలేదు. మళ్ళీ చూశాను. నిజంగానే రాయలేదు.

జూన్ 20, బుధవారం.

నాలుగు రోజుల్లో పద్నాలుగు మంది వచ్చారు. బెంచీ చాలక ఫరూక్ రెండు కుర్చీలు అరువిచ్చాడు.

నిజాంపట్నం నుంచి దావీదు అనే ఆయన ఫోన్ చేశాడు. చేపలు ఎండబెట్టే చోట మేస్త్రీ. “పదిమంది ఆడోళ్ళు కావాలమ్మగారూ. తెనాల్లో మీరుంటే చాలంటున్నారు.” సాయంత్రానికి పదిమందినీ పంపాను.

కృతజ్ఞతగా ఒకామె చేత మూట పంపించాడు. విప్పాను. ఎండు చేపలు!

దేవుడి పటం, అగరొత్తులు, వాటి పక్కన ఎండు చేపలు. మా ఆయన ముక్కుకి రుమాలు కట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. బస్సు కోసం కూర్చున్న ఇద్దరు వేరే చోటికి వెళ్ళిపోయారు. మూట ఫరూక్‌కి ఇచ్చాను.

“ఫీజుగా వచ్చిందా పిన్నిగారూ?” అన్నాడు నవ్వుతూ.

మా ఆయన రుమాలు తీశారు. “ఫీజు…” అన్నారు మెల్లగా, ఆ మాట మొదటిసారి విన్నట్టు.

జూన్ 23, శనివారం.

రెండు రోజులుగా ఒకటే వాన. ఎవరూ రాలేదు. మా ఆయన అట్టముక్క కోసి నా ముందు పెట్టారు.

“రాయి. పని చూపించినందుకు మనిషికి పది రూపాయలు.”

“వాళ్ళే లేనివాళ్ళు కదండీ?”

“మనమో?”

రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. బూత్ అద్దానికి వేలాడదీశారు. కొత్త నిర్ణయం! రోజుకొకరిని పది రూపాయలు అడగాలి. ఈ లెక్కన వ్యాను వెనక్కి పోతుంది!

సాయంత్రం వాన తగ్గాక నిండు గర్భిణి ఒకామె వచ్చింది. మొగుడికి పని కావాలట. తడిసిపోయింది. నేను లేచి అట్టముక్క వెనక్కి తిప్పాను.

వెనకవైపు బిస్కట్ల బొమ్మ ఉంది. అదే బాగుంది.

జూన్ 26, మంగళవారం.

బూత్ గది జూలై ఒకటి నుంచి ఎవరు తీసుకుంటున్నారో తెలిసింది. ఫరూక్. గోడ కొట్టేసి ఒకటే షోరూము చేస్తాడట. అతనే వచ్చి చెప్పాడు, కళ్ళెత్తకుండా.

“నేను కాకపోతే వేరేవాళ్ళు తీసుకుంటారు పిన్నిగారూ. మీరు నా మీద కోపం పెట్టుకోకండి.”

“కోపమెందుకు నాయనా?” అన్నాను.

అతను వెంటనే వెళ్ళలేదు. నిలబడ్డాడు. నేనేదో అంటానని చూసినట్టనిపించింది. ఏమనాలో తెలియక “కాఫీ తాగుతావా?” అన్నాను.

జాబితాలో ఇరవై ఆరు పేర్లు కొట్టేశాను. అందరినీ అడిగాను. ఒక్కటీ నా కోసం కాదు. సామాను కట్టడం మొదలుపెట్టాలి. దేవుడి పటాలు చివర్లో.

జూన్ 30, శనివారం. పౌర్ణమి.

రేపు వ్యాను రావాలి. ఈ రోజు మధ్యాహ్నం రేపల్లె ప్యాసింజరు దిగి వాళ్ళే బూత్‌కి వచ్చారు! అనంతకృష్ణ, రాజ్యలక్ష్మి. ఆమె చేతిలో చక్కెరకేళీ అరటిపళ్ళు, ఒక డజను.

“ఏంటి రాజ్యం, ఇలా వచ్చారు?”

“ఊరికే వచ్చాం అక్కా. చూసిపోదామని.”

కాఫీ ఇచ్చాను. “తర్వాత తాగుతాలే” అంది. గ్లాసు పక్కన పెట్టింది. కొంగుతో మెడ తుడుచుకుంది. ఎండ గురించి చెప్పింది. రైలు గురించి చెప్పింది. మళ్ళీ ఎండ గురించి చెప్పింది.

నాకు అర్థమైపోయింది. నా నియమాలన్నీ నా ఎదుట కుర్చీలో కూర్చుని ఉన్నాయి. చల్లారిపోతున్న కాఫీ, ఒళ్ళో అరటిపళ్ళు, ఊరికే వచ్చాం అన్న మాట.

నేను వెళ్ళిన ఇళ్ళలో నన్ను ఎవరూ అడగని మాట ఒకటుంది. అది అడిగాను. మగవాళ్ళకి వినపడకుండా.

“పని ఎవరికి రాజ్యం?”

ఆమె ముఖం ఒక్కసారిగా కరిగిపోయింది. “ఆయనకే అక్కా. దుకాణం మూసి నెల దాటింది. కంపెనీవాళ్ళు సరుకు ఆపేశారు. మేడ మీద గది అద్దెకిచ్చేశాం. మీకెలా చెప్పాలో తెలీలేదు. మీరు రావద్దని ఫోన్లో ఎలా అంటాను?”

వంటమనిషిని ఎందుకు మాన్పించిందో ఇప్పుడు తెలిసింది.

ఫోను ఎత్తాను. ఇరవై ఏడో పేరు. పిట్టలవానిపాలెంలో ఎరువుల గోడౌను ఆయన. “తెలివైన మనిషండి. ముప్పై ఏళ్ళ అనుభవం. ఏ తెగులుకి ఏ మందో నిద్రలో లేపినా చెబుతాడు.” సోమవారం రమ్మన్నారు.

బూత్ నుంచి అదే చివరి కాల్. సాయంత్రం ఐదింటికి లైను తీసేశారు.

రాజ్యలక్ష్మి చల్లారిన కాఫీ తాగింది. వెళ్తూ నా కాళ్ళకి దండం పెట్టింది. మా ఆయన వాళ్ళను రైలెక్కించి వచ్చి, ఇంట్లో మూటలు కట్టిన సామాను మధ్య కూర్చున్నారు.

“అయితే ఎక్కడికీ వెళ్ళం” అన్నారు.

“వెళ్ళం.”

“ఉండటానికి మాత్రం ఏముంది?”

జూలై 1, ఆదివారం.

ఉదయం 7.10. ఫరూక్ షట్టరు తీశాడు. గోడ కొట్టేవాళ్ళు ఇంకా రాలేదు. వెళ్ళాను. చేతిలో డబ్బా లేదు, ప్రసాదం లేదు, అరటిపండు కూడా లేదు.

“ఏంటి పిన్నిగారూ, పొద్దున్నే?”

“ఊరి…” అన్నాను. నోరు మూసేశాను. మిగతా సగం మింగాను.

“మూలన ఒక బల్ల వేసుకోనిస్తావా? ఒక ఫోను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు నీ దగ్గరే కార్డులు కొంటారు.”

నాది! నా కోసం! ఈసారి అభ్యాసం కాదు, అడిగేశాను!

ఫరూక్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. “మంగళవారమే అడుగుతారనుకున్నాను పిన్నిగారూ. మీరేమో కాఫీ తాగుతావా అన్నారు. నేనైనా ఎలా అనను? బూత్ లాగేసుకుని, మూలన కూర్చోమన్నాడంటారేమోనని.”

ఇద్దరం ఐదు రోజులు ఒకరికోసం ఒకరు ఎదురుచూశామన్నమాట.

10.00. మూలన బల్ల. దేవుడి పటం. అట్టముక్క, బిస్కట్ల బొమ్మ వెనక్కి, అక్షరాలు ముందుకి. మా ఆయన పక్కన కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాయడానికి కూర్చున్నారు. ‘గల్లాపెట్టె ఎక్కడ పెడదాం?’ అన్నారు.

10.20. మొదటి మనిషి. రిక్షా దిగి, రొప్పుతూ. సుబ్బాయమ్మగారు!

“మీనాక్షీ, మా వంటామె మానేసింది. మంచి మనిషిని చూపించవే తల్లీ.”

చూపించాను. పది నిమిషాల్లో ఫోన్లో కుదిర్చాను. ఆమె లేచారు. అట్టముక్క చదివారు, పైకే, అక్షరం అక్షరం. సంచి తెరిచారు. మా ఆయన చెయ్యి చాచారు.

సుబ్బాయమ్మగారు సంచిలోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు.

“ఇది బయటివాళ్ళకి కదూ? నీకు డబ్బిస్తే బాధపడతావు, నాకు తెలుసు.”

మా ఆయన నా వైపు చూశారు. ఫరూక్ చూశాడు. పటంలోంచి అమ్మవారు కూడా చూసింది.

“ఫర్వాలేదండి” అన్నాను.

10.45. మా ఆయన గడియారం చూస్తున్నారు.

నిర్ణయం: రేపటి నుంచి రోజుకొకరిని, నా నోటితో, పది రూపాయలు అడగాలి. ముప్పై రోజులు, ముప్పై మంది. రేపు సోమవారం, మంచి రోజు. జాబితా రాశాను.

మొదటి పేరు సుబ్బాయమ్మగారు.